పోపు పడని కూర, మెట్లెక్కే ఊరు

ఐజాల్ బజారులో గోంగూర దొరుకుతుంది. మిజోరం రాజధానిలో, బర్మా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆ కొండల్లో మన గోంగూర! మిజోలు దాన్ని అంథూర్ అంటారు. వృక్షశాస్త్రంలో మనదీ వాళ్లదీ ఒకటే పేరు, హైబిస్కస్ సబ్దరిఫా. అదే పులుపు. ఆ కట్ట ఇంటికి చేరాకే దారులు వేరవుతాయి. మన ఇళ్లలో గోంగూర మూకుట్లో నూనెలో మగ్గాలి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ పోపు పడాలి. నిలవ పచ్చడైతే పైన వేలెడు నూనె తేలాలి. మిజో ఇంట్లో అదే ఆకు మరిగే నీళ్లలో పడుతుంది. నూనె చుక్క తగలకుండానే పళ్లెంలోకి వస్తుంది.

బరువు తగ్గడం గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు మాట ఎప్పుడూ అన్నం మీదికే పోతుంది. అన్నం మానేయండి, రాత్రిపూట పుల్కాలు తినండి, జొన్నరొట్టె తినండి అంటారు. మిజోలు పొద్దున తొమ్మిది లోపే అన్నం తింటారు. సాయంత్రం మళ్లీ అన్నమే తింటారు. పొద్దుటి భోజనాన్ని టుక్‌థువాన్ అనీ, సాయంత్రం భోజనాన్ని జన్‌రియా అనీ పిలుస్తారు. రెండింటిలోనూ పళ్లెం మధ్యలో ఉండేది తెల్లటి అన్నమే. అందుకే వాళ్ల పాతకాలపు తిండిని కాస్త దగ్గరగా చూడాలని నాకు అనిపించింది. బియ్యాన్ని దోషిగా నిలబెట్టకుండా బరువు గురించి మాట్లాడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వాళ్ల వంటల్లో రోజూ ఉండేది బాయి. ఇది కూరా కాదు, చారూ కాదు. రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. కుండలో నీళ్లు మరగనిస్తారు. గుమ్మడి ఆకులు, ఆంటమ్ అనే ఆవాకు, బెండకాయ, వంకాయ, పొడుగు చిక్కుళ్లు, వెదురు మొలకలు, ఆ పూట చేతికందినవి వేస్తారు. పచ్చిమిర్చి, ఉప్పు, చిక్కదనానికి ఒక్కోసారి గుప్పెడు బియ్యం పడతాయి. రుచికి సాఉమ్ అని పులియబెట్టిన పంది కొవ్వు కొద్దిగా, లేదంటే ఎండు చేప. ఆకు త్వరగా మెత్తబడడానికి వెనకటి రోజుల్లో చింగల్ పోసేవారు. అంటే బూడిద నీళ్లు. అడుగున చిల్లులున్న పాత్రలో కట్టెల బూడిద నింపి, పైనుంచి నీళ్లు పోస్తే కింద చుక్కచుక్కగా దిగే క్షార జలం. ఇప్పుడు చాలా ఇళ్లలో దాని బదులు వంటసోడా వాడుతున్నారు. క్షారం తగిలితే మొక్కల కణాల గోడల్లోని హెమిసెల్యులోజ్ కరిగి ఆకు ఇట్టే మెత్తబడుతుంది, ఆకుపచ్చ రంగు కూడా నిలుస్తుంది. శనగలు ఉడకనప్పుడు మన అమ్మమ్మలు చిటికెడు సోడా వేసేది ఇందుకే. కాకపోతే అదే క్షారం సి విటమిన్‌నూ, థయమిన్‌నూ కూడా పాడుచేస్తుంది.

చదివి ఊరుకోలేక ఒకరోజు మా ఇంట్లో వండాను. రెండు కట్టల తోటకూర, నాలుగు వంకాయలు, గుప్పెడు గోరుచిక్కుళ్లు, ఆరు పచ్చిమిరపకాయలు, గుప్పెడు బియ్యం. సాఉమ్ మనకు దొరకదు కనుక కాసిని ఎండు రొయ్యలు వేయించి నలిపి వేశాను. సోడా వెయ్యలేదు. ఇరవై ఐదు నిమిషాలు ఉడికింది. బియ్యం విచ్చుకుని నీళ్లు చిక్కబడ్డాయి, వంకాయ ముక్కలు కరిగిపోయాయి, గోరుచిక్కుడు మాత్రం పంటికి తగులుతోంది. మా అమ్మ వచ్చి మూత తీసి చూసింది. "ఏమే, పోపు మర్చిపోయావా?" అంది. పోపు లేదమ్మా, ఇంతే అన్నాను. గరిటెతో అరచేతిలో వేసుకుని చప్పరించి, "ఉప్పూ కారం సరిపోయాయి. మా నాయనమ్మ పొలం వెళ్లే రోజుల్లో ఇలాగే ఉడకేసేది" అంది. కాసేపాగి, "నూనె అప్పుడెక్కడిది!" అని కూడా అంది.

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. పోపు అనేది మనకు చిటికెడు ఆవాలు, జీలకర్ర చిటపటలాడించడానికి పుట్టిన పద్ధతి. ఎప్పుడు గరిటెడు నూనెగా మారిందో మనం గమనించలేదు.

నూనె ప్యాకెట్ల లెక్క

ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు. పిండిపదార్థంలో, మాంసకృత్తుల్లో 4. నీళ్లలో సున్నా. తిండి బరువును, అందులోని కేలరీలను పక్కపక్కన పెట్టి చూడడాన్ని శక్తి సాంద్రత అంటారు. వేయించిన వేరుశనగ వంద గ్రాముల్లో 560కి పైగా కేలరీలు ఉంటాయి. ఉడికిన అన్నం వంద గ్రాముల్లో 130. ఆవాకులో, వెదురు మొలకల్లో 27 దాకా. మిజోలు ఇస్కుట్ అని పిలిచే బెంగళూరు వంకాయలో 20 కూడా ఉండవు, అందులో 94 శాతం నీళ్లే. ఐజాల్ పక్కనే ఉన్న సిహ్‌ఫిర్ గ్రామం కొండవాలంతా ఈ తీగ పందిళ్లే. కాయలే కాదు, లేత తీగ చివర్లూ కోసి బాయిలో వేస్తారు.

కడుపుకు కేలరీలు లెక్కపెట్టడం రాదు. అది చూసేది పరిమాణాన్ని, బరువును. పొట్ట గోడలు సాగినప్పుడు వేగస్ నాడి మెదడుకు కబురు పంపుతుంది. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగుకు చేరాక హార్మోన్లు రెండో కబురు పంపుతాయి. మనిషి రోజూ తినే తిండి బరువు పెద్దగా మారదని, దాని సాంద్రత మారితే మొత్తం కేలరీలు మారతాయని అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించింది. భోజనానికి ముందు కూరగాయల సూప్ తాగినవాళ్లు ఆ పూట మొత్తం మీద సుమారు 20 శాతం తక్కువ కేలరీలు తీసుకున్నారని 2007లో ఆమె బృందం ప్రచురించింది. సూప్‌లో ఉన్నవాటిని కూడా కలిపిన లెక్క అది. అన్నంలో గరిటెల కొద్దీ బాయి పోసుకుని తినే మిజో ఇల్లాలికి ఈ ప్రయోగం కొత్తదేమీ చెప్పదు.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. మా ఇంట్లో నలుగురం. నెలకు ఆరు లీటరు ప్యాకెట్ల నూనె అయ్యేది. లీటరు నూనె బరువు 910 గ్రాములు. ఆరు ప్యాకెట్లంటే 5,460 గ్రాములు. నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 45 గ్రాములు, అంటే 400 పైచిలుకు కేలరీలు. పొయ్యి మీద కనిపించే నూనె మాత్రమే ఇది. బయట తిన్న బజ్జీ, బిర్యానీ, మిక్చర్ ఇందులో లేవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల తిండి తినేవారికి పెట్టిన నూనె, కొవ్వుల కొలత 27 గ్రాములు. అదే పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు కలిసి సగం ఉండాలని కూడా చెప్పింది. 27 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర ప్యాకెట్లు చాలు.

ఈ 18 గ్రాముల తేడా రోజుకు 160 కేలరీలు. దీన్ని 365తో గుణించి, కిలో కొవ్వుకు 7,700 కేలరీలని భాగిస్తే ఏడాదికి ఏడున్నర కిలోలు తగ్గుతామని చాలామంది చెబుతారు. ఆ లెక్క తప్పు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2011లో దీనికి తేలిగ్గా గుర్తుండే కొలత ఇచ్చింది. రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతాం, అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మిగతా అంతా మూడేళ్లలో. మన 160 కేలరీలకు చివరికి ఆరున్నర కిలోలు, మొదటి ఏడాది మూడు కిలోల పైచిలుకు. నెలకు పది కిలోలని ప్రకటనలు వినే చెవులకు ఇది ఆనకపోవచ్చు. కానీ అన్నం మానకుండా, ఆకలితో పడుకోకుండా, నూనె తగ్గించినందుకే ఇంత తగ్గడం తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

అదే కెవిన్ హాల్ 2019లో చేసిన ఇంకో ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. ఇరవై మందిని పరిశోధన వార్డులోనే ఉంచి, రెండు వారాలు కర్మాగారాల్లో తయారైన ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి పెట్టారు. పిండిపదార్థాలు, కొవ్వు, చక్కెర, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా అమర్చారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 900 గ్రాములు పెరిగారు. ఇంటి తిండి తిన్న రోజుల్లో అంతే తగ్గారు. ప్యాకెట్ తిండి మెత్తగా ఉంటుంది, గబగబా లోపలికి పోతుంది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపే పళ్లెం ఖాళీ. ఉడికించిన ఆవాకు, గోరుచిక్కుడు, వెదురు మొలక నమలక తప్పదు.

మిజో పళ్లెంలో బాయి పక్కన హ్మార్చా రోత్ ఉంటుంది. కాల్చిన లేదా ఎండు మిరపకాయ, ఉప్పు, ఉల్లి, బాఖోర్ అనే పొడుగాకు కొత్తిమీర కలిపి నూరిన కారం. మన రోటి పచ్చడికి చుట్టం, పోపు మాత్రం లేదు. కన్ను పొడిచేంత కారంగా ఉండే ఆ సన్న మిరప, మిజో మిర్చిగా 2015లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఇంకో గిన్నెలో బేకాంగ్. సోయా గింజలు ఉడికించి ఆకుల్లో చుట్టి, పొయ్యి దాపున మూడు నాలుగు రోజులు ఉంచితే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి బంకగా చేస్తుంది. జపాన్ నట్టో, నాగాలాండ్ అఖునీ, మణిపూర్ హవాయిజార్, మేఘాలయ తుంగ్రింబాయ్, సిక్కిం కినెమా అన్నీ ఈ ఇంటి తోబుట్టువులే. మాంసకృత్తులు పుష్కలం. పులియడంలో అవి కొంత విడిపోయి అరుగుదల తేలికవుతుంది. పాలు, పెరుగు, పప్పు మనంత వాడని వంటలో ఈ గింజ పెద్ద ఆధారం.

ఆరు వందల మెట్లు, అర చెంచా నూనె

ఐజాల్ సముద్రమట్టానికి సుమారు 1,130 మీటర్ల ఎత్తున, ఒక కొండ వెన్నుమీద కట్టిన ఊరు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఇల్లు ఒకటి రెండంతస్తుల్లా కనిపిస్తుంది. పక్కకు వెళ్లి తొంగిచూస్తే రోడ్డు కింద ఇంకా మూడు నాలుగు అంతస్తులు లోయలోకి దిగి ఉంటాయి. పైవీధికీ కింది వీధికీ మధ్య ఇళ్ల సందుల్లోంచి సిమెంటు మెట్లు. బడికి, చర్చికి, బజారుకి ఎటు వెళ్లాలన్నా ఎక్కడమో దిగడమో తప్పదు. ఊళ్లలో ఆడవాళ్లు నుదుటికి పట్టీ తగిలించుకుని వీపున పైకాంగ్ అనే వెదురు బుట్టలో కట్టెలు మోసేవారు. టుయ్‌ఖుర్ అనే ఊట దగ్గర నీళ్లు పట్టుకుని మళ్లీ వాలు ఎక్కేవారు. జుమ్ అనే పోడు పొలం ఊరికి దూరంగా ఇంకో వాలు మీద ఉండేది. వ్యాయామం అనే మాట అవసరం లేని జీవితం అది.

మెట్లెక్కితే ఎంత కరుగుతుందో కూడా లెక్కగడదాం, ఇది హైస్కూలు భౌతికశాస్త్రమే. 60 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లు అనుకుంటే 600 మెట్లు, అంటే ముప్ఫై అంతస్తుల భవనం పైచిలుకు. చేసిన పని 60ని 9.8తో, మళ్లీ 100తో గుణిస్తే 58,800 జౌళ్లు. కేలరీల్లోకి మార్చితే 14. మన కండరాలు ఖర్చు చేసిన శక్తిలో పావు వంతే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కనుక అసలు ఖర్చు నాలుగింతలు, 56 కేలరీలు.

అర టేబుల్ స్పూన్ నూనెలో 60 కేలరీలు ఉంటాయి.

ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. అలిపిరి మెట్లు 3,550. అవీ అదే ఎత్తువని, దారంతా మెట్లేనని అనుకున్నా 330 కేలరీలు. గంటల తరబడి ఆయాసపడి కొండెక్కిన శ్రమ మూడు టేబుల్ స్పూన్ల నూనెలో తీరిపోతుంది. వంటింట్లో చేసిన తప్పును మెట్ల మీద దిద్దుకోలేం. అందుకే బరువు తగ్గించే పని ప్రధానంగా తిండిదే అంటాను. మిజో జీవితంలో ఏది ఎంత పని చేస్తుందో విడదీసి చూస్తే, ముందు నిలబడేది కుండే.

దీనికి మరో వైపు నుంచి కూడా బలం ఉంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజల శక్తి వ్యయాన్ని హెర్మన్ పాంట్జర్ బృందం కొలిచి 2012లో ప్రచురించింది. రోజూ మైళ్ల కొద్దీ నడిచే వాళ్లు, ఒంటి పరిమాణం సరిచూసి లెక్కిస్తే, కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యులకంటే ఎక్కువ కేలరీలు ఖర్చు చేయడం లేదు. కదలిక ఎక్కువైతే శరీరం లోపలి మిగతా ఖర్చులను కొంత సర్దుకుంటుందని పాంట్జర్ వాదన. అందరూ ఒప్పుకోలేదు, చర్చ సాగుతోంది. అయినా వ్యాయామం ఒక్కదానితోనే బరువు తగ్గాలని చూసి నిరాశపడిన ఎంతోమంది అనుభవం దానికి దగ్గరగానే ఉంది.

మరి మెట్లెందుకు? ఇక్కడే నాకు ఇష్టమైన పాత పరిశోధన ఒకటి ఉంది. జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1950లలో పశ్చిమ బెంగాల్లోని ఒక జనపనార మిల్లులో పనివాళ్లు ఏం తింటున్నారో, ఎంత బరువున్నారో, ఏ పని చేస్తున్నారో రాసుకుని 1956లో ప్రచురించాడు. బస్తాలు మోసేవాళ్లు ఎక్కువ తిన్నారు, చేసే పనికి తగ్గట్టు తిన్నారు, సన్నగానే ఉన్నారు. తేలికపాటి పని చేసేవాళ్లు తక్కువ తిన్నారు, వాళ్లూ సన్నగానే ఉన్నారు. రోజంతా కూర్చునే గుమాస్తాలు, దుకాణదారుల దగ్గరే కథ తిరగబడింది. వాళ్లు తేలికపాటి పనివాళ్లకంటే ఎక్కువ తిన్నారు, అందరికంటే బరువుగా ఉన్నారు. ఒంటికి కనీస కదలిక ఉన్నంతవరకే ఆకలి లెక్క తప్పదని, అది కూడా లేకపోతే ఆకలికి పగ్గం ఉండదని మేయర్ తేల్చాడు. మెట్లు నూనెను కరిగించవు. ఇంకో గరిటె వడ్డించుకోవాలో వద్దో చెప్పే లోపలి తూకాన్ని అవి పాడవకుండా చూస్తాయి.

తగ్గిన బరువు నిలబెట్టుకోవడంలో కూడా అంతే. అమెరికాలో బాగా బరువు తగ్గి, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు 1994 నుంచి ఒక జాతీయ చిట్టాలో నమోదు చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్న అలవాట్లలో ఒకటి రోజుకు సుమారు గంట శారీరక శ్రమ.

దిగడం సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల మీద హైంజ్ డ్రెక్సెల్ బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. కొందరు కొంతకాలం కొండ ఎక్కి కేబుల్ కారులో దిగారు, మరికొంతకాలం కేబుల్ కారులో ఎక్కి నడిచి దిగారు. ఎక్కినప్పుడు రక్తంలో ట్రైగ్లిసరైడ్లు తగ్గాయి. దిగినప్పుడు, చేసే పని అంత తేలికైనా, చక్కెరను తట్టుకునే శక్తి మెరుగుపడింది. దిగేటప్పుడు తొడ కండరం బరువును ఆపుతూ సాగుతుంది. ఆ రకం పని కండరానికి వేరే శిక్షణ. మధుమేహం ఇంటింటా ఉన్న మన రెండు రాష్ట్రాలకు ఇది పనికొచ్చే వార్త, మోకాళ్లు బాగున్నవాళ్లకు మాత్రమే.

కొండగాలికి, ఎత్తుకు సన్నబడతారనే మాట కూడా వింటుంటాం. 2,650 మీటర్ల ఎత్తున వారం ఉంచిన స్థూలకాయుల ఆకలి తగ్గి, బరువు కిలోన్నర దాకా తగ్గిందని జర్మనీ వైద్యులు 2010లో చూపించిన మాట నిజమే. ఐజాల్ అందులో సగం ఎత్తు కూడా లేదు. అక్కడ ఆ ప్రభావాన్ని ఆశించడానికి ఆధారం లేదు.

ఎత్తుకంటే పొద్దుకే ఎక్కువ విలువ ఇస్తాను. దేశానికి తూర్పు కొసన ఉన్నా గడియారం మనదే కనుక, డిసెంబరులో ఐజాల్‌లో 4 గంటల 40 నిమిషాల కల్లా పొద్దు గుంకుతుంది. హైదరాబాద్‌లో ఆ పొద్దు ఇంకో గంట ఉంటుంది. మిజో సంప్రదాయంలో జన్‌రియా చీకటిపడే వేళకే అయిపోతుంది. మనం తొమ్మిదిన్నరకు, పదికి పళ్లెం ముందు కూర్చుంటాం. బోస్టన్‌లో 2022లో పదహారు మందికి అవే భోజనాలు నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూస్తే, మేలుకుని ఉన్న వేళ ఆకలి పెరిగింది, శరీరం ఖర్చు చేసే శక్తి కొంత తగ్గింది. పదహారు మందే అయినా కొలతలు చాలా పకడ్బందీగా తీసుకున్నారు. రాత్రి భోజనం ముందుకు జరపడానికి డబ్బు ఖర్చు లేదు, ఇంట్లో అందరూ ఒప్పుకోవడమే కష్టం.

తీసుకోకూడనివి

ఇంతవరకు చదివి, మిజో తిండి అంతా మందే అనుకుంటే నేను పొరపాటు చేసినట్టే. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ నమోదు నివేదిక ప్రకారం, దేశంలో నమోదు కేంద్రాలున్న ప్రాంతాల్లో మగవాళ్లలో క్యాన్సర్ అత్యధికంగా ఉన్నది ఐజాల్ జిల్లాలోనే. వయసు తేడాలు సరిచేశాక లక్షకు 269. కడుపు క్యాన్సర్ అక్కడ పెద్ద సమస్య. మిజోరంలోనే రోగులనూ, ఆరోగ్యవంతులనూ పోల్చి చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. సాఉమ్, పొగబెట్టి ఎండబెట్టిన మాంసం, ఎండు చేప, వంటసోడా తరచుగా తినేవారిలో కడుపు క్యాన్సర్ ముప్పు ఎక్కువని అది చెప్పింది. పొయ్యి మీద అటకలో వేలాడదీసి పొగబెట్టిన పంది మాంసాన్ని వోక్సా రెప్ అంటారు. అతిథికి ప్రేమగా పెట్టే వంటకం అది. కానీ కట్టెల పొగలో క్యాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి, మాంసం నిలవకు ఉప్పు దట్టిస్తారు. దీనికి తోడు పొగాకు. పొగాకు పొగను నీళ్లలోకి పంపి, ఆ నీళ్లను టుయ్‌బుర్ పేరుతో నోట్లో పుక్కిలించే అలవాటు కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పొగాకు వాడకంలో మిజోరం దేశంలో ముందు వరుసలో ఉంది.

ఒక ప్రాంతపు వంటను మొత్తంగా నెత్తిన పెట్టుకోవడం, మొత్తంగా తోసిపుచ్చడం రెండూ సులువే. ఉడికిన ఆకు వేరు, పొగ తాగిన మాంసం వేరు. ఒకే కుండలో ఉడికినా వాటి ఫలితాలు వేరు. సోడా లేకుండా మా ఇంట్లో బాయి ఉడికింది, మరో ఐదు నిమిషాలు ఎక్కువ పట్టిందంతే.

ఐజాల్ కూడా మారుతోంది. వాలు రోడ్ల మీద స్కూటర్లు, కార్లు నిండిపోయాయి. అద్దెకు ఎక్కించుకుని వెళ్లే బైకులున్నాయి. తీపి టీ, ప్యాకెట్ నూడుల్స్, నూనెలో వేయించిన చిరుతిళ్లు ప్రతి మలుపులో దొరుకుతాయి. సర్వే నుంచి సర్వేకు మిజోరంలోనూ అధిక బరువున్నవాళ్ల వాటా పెరుగుతోంది. కొండ అలాగే ఉంది, మెట్లూ ఉన్నాయి. ఎక్కేవాళ్లు, కుండలో ఉడికేవి మారుతున్నాయి.

మన సంగతి ఇంతకంటే తీవ్రం. 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద మహిళల్లో 24 శాతం అధిక బరువు. ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. అధిక బరువుకు హద్దుగా సర్వేలో వాడిన 25 బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచీ) అంకెను భారతీయులకు 23కు దించాలని, నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని మన వైద్యులు 2009 నుంచే చెబుతున్నారు. ఆ గీటురాయి పెడితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

మనకు ఐజాల్ వాలు లేదు. బెజవాడలో, వరంగల్‌లో కొండ కొనుక్కోలేం. అపార్టుమెంటులో మెట్లున్నాయి. లిఫ్టు మానడం వల్ల కరిగే కేలరీలు కొద్దివే అని పైన లెక్క చెప్పాను. అయినా రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగితే ఆకలి తూకం సరిగా ఉంటుంది, భోజనం తర్వాత పది నిమిషాలు కదిలితే కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు డాక్టరుగారిని అడగాలి. కుండ సంగతికొస్తే మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. పులుసుకూర, పప్పుకూర, చారు, ఉలవచారు, ఉడికించిన అలసందలు, ఆవిరి కుడుములు ఇవన్నీ మనవే. తాలింపు గరిటెను టీ చెంచాకు మార్చితే చాలు. గోంగూర పప్పు పెద్ద గిన్నెడు వండి, అన్నానికంటే పప్పే ఎక్కువ వడ్డించుకుంటే దాదాపు అంథూర్ దగ్గరికి చేరినట్టే.

మా ఇంట్లో ఇప్పుడు నెలకు నాలుగు ప్యాకెట్లు. పోపు మానలేదు, అమ్మ ఒప్పుకోదు. వేపుళ్లు వారానికి ఒకరోజుకు దిగాయి, వారంలో మూడు రోజులు ఏదో ఒక ఆకు నీళ్లలోనే ఉడుకుతోంది. మీరూ ఈ నెల కొత్త ప్యాకెట్ తెరిచిన ప్రతిసారీ దాని మీద తేదీ రాయండి. నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టి, 910తో గుణించి, ఇంట్లో ఉన్నవాళ్ల సంఖ్యతోనూ ముప్ఫైతోనూ భాగించండి. వచ్చిన అంకె 27 దాటితే, వచ్చే నెల సరుకుల చీటీలో ఒక ప్యాకెట్ తగ్గించి రాయండి.